తువ్వాలు పట్టాభిషేకము

విఘ్నేశ్వరునికి మొక్కి, సాండ్‌పేపరుకు నమస్కరించి, గృహలక్ష్మి అనుమతితో డైనింగ్ టేబులు మీద మూడో వంతు భూభాగాన్ని ఆక్రమించి, దానిపై పాత పేపరు పరచి మహాకార్యానికి పూనుకున్నాను.

ఇక నాయక వర్ణన. బెంగాలు సీమలో ఉత్తరపారా కర్మాగార గర్భాన ఉదయించి, ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశాన వెలసి, 2014లో తయారీ ఆగేదాకా కలెక్టర్లనూ పెళ్లికొడుకులనూ సమదృష్టితో మోసినవాడు, గుంతల రహదారి గజరాజు, స్ప్రింగు సీట్ల సార్వభౌముడు అంబాసిడర్ మహారాజు! నిజదేహం 4.3 మీటర్లు. నా ముందున్న లోహమూర్తి అందులో 43వ వంతు, అంటే 10 సెంటీమీటర్లు. 43 ఏమిటి, 40 అయితే పోలేదా అంటారేమో. బ్రిటన్‌లో బొమ్మరైళ్లకు అడుగుకు 7 మిల్లీమీటర్లని కొలత పెట్టుకున్నారు. 304.8ని 7తో భాగిస్తే 43న్నర వచ్చింది. ఆ అరను ఎవరో మింగేశారు. రాజుల వంశావళుల్లో మాత్రం ఇంతకన్నా గట్టి లెక్క ఉంటుందా?

అడుగున రెండు రివెట్లు, కర్ణుడి కవచకుండలాల్లా. నేనే ఇంద్రుణ్ణై, చేతి డ్రిల్లుతో వాటిని యాచించాను. పాత రంగు రిమూవర్ తగలగానే పాము కుబుసంలా ముడతలు పడి ఊడింది. ప్రైమరు, దాని మీద తెలుపు. అంతవరకు శుభం.

అప్పుడు వచ్చింది దోమ.

నా లెక్కన అది 6 మిల్లీమీటర్లే. మహారాజు లెక్కన పాతిక సెంటీమీటర్ల పైమాట. బానెట్ మీద గోరువంక వాలినట్టు. అదీ తడి పెయింటులో, ఆరు కాళ్లూ ఊని! ఊదితే రంగు చెదురుతుంది, తుడిస్తే చెడుతుంది. కురుక్షేత్రంలో కూడా రాత్రికి యుద్ధం ఆపాలనేది నియమం కాబట్టి నేనూ శత్రువును రణరంగంలోనే వదిలి పడుకున్నాను. మర్నాడు పట్టకారు, నీళ్లు, 2000 నంబరు సాండ్‌పేపరు. శత్రువు వెనకకాలు ఒకటి రెండో కోటింగు కింద ఇప్పటికీ ఉంది. మహారాజుకు చెప్పలేదు.

అద్దాలను క్విక్ గమ్‌తో అంటించరాదని శాస్త్రం. దాని ఆవిరి ప్లాస్టిక్ అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. నాకు శాస్త్రం తెలుసు. రాత్రి పన్నెండింటికి గుర్తు రాలేదు. తెల్లారేసరికి ప్రభువుల కళ్లకు శుక్లాలు! స్వీటు డబ్బా మూత కోసి కొత్త అద్దం చేసి, పిల్లల తెల్లజిగురుతో ఆపరేషన్ ముగించాను.

తల మీద ఎర్రబుగ్గ. 2017 మే 1 నుంచి దేశంలో బుగ్గకార్లు లేవు, నిజమే. నా టేబులు మీద ఇంకా 1985 నడుస్తోంది. మా ఆవిడ పూసల డబ్బాలో ఒక ఎర్రపూస తగ్గింది.

ఇదంతా పీఠిక. అసలు కథ వెనకసీటు తువ్వాలు. తెల్ల తువ్వాలు పరవని సీటులో కలెక్టరు కూర్చుంటాడా, కూర్చున్నా కలెక్టరులా ఉంటాడా? మీటరున్నర తువ్వాలు ఇక్కడ మూడున్నర సెంటీమీటర్లు. గాజుగుడ్డ వేస్తే చేపలవల ఆరేసినట్టుంది. జేబురుమాలు ముక్క వేస్తే బొంత. చివరికి పేపరు నాప్కిన్‌లో ఒక్క పొర విడదీసి, నీళ్లు కలిపిన జిగురులో తడిపి, అంచున నీలిచార గీసి, సీటు వంపుకు మడిచి ఆరబెట్టాను. మూడు ఆదివారాలు పట్టింది.

నాలుగో ఆదివారం సుముహూర్తం. ఫ్యాను ఆపాను. ఊపిరి బిగించాను. పట్టకారు కొసన తువ్వాలు సింహాసనానికి అరంగుళం పైకి చేరింది. దేవతలు పూలు దోసిళ్లలోకి తీసుకున్నారు. సరిగ్గా ఆ క్షణాన వంటింట్లో ఎండుమిర్చి పోపు పడింది.

తుమ్మాను.

టార్చి పట్టుకుని సోఫా ముందు బోర్లా పడుకున్నాను.

"ఏం పోయిందండీ?" వంటింట్లోంచి.

"తువ్వాలు."

"బాత్రూంలోనే తగిలించానుగా!"