నాలుగు తీగల పొత్తు

రెండు స్విచ్‌ల మధ్య ఒక గిగాబిట్ తీగ చాలడం లేదన్న సంగతి పెద్దసారు దాకా వెళ్లింది. పది గిగాబిట్‌ది కొనడానికి బడ్జెట్ లేదు. "ఖాళీ పోర్టులున్నాయిగా, ఇంకో మూడు తీగలు గుచ్చండి. నాలుగు రెట్లవుతుంది" అని సారు సెలవిచ్చారు. గుచ్చారు. ఒక్కటే పనిచేసింది. మిగతా మూడింటినీ లూపులను ఆపే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ మూసేసింది. మూయకపోతే బ్రాడ్‌కాస్ట్‌లు గిర్రున తిరుగుతూ నెట్‌వర్క్‌నంతా ముంచేవి కాబట్టి దాన్ని తిట్టడానికీ లేదు.

నాలుగూ ఒకే తీగలా కనిపించాలంటే పొత్తు కుదర్చాలి. దీనికి ఐఈఈఈ 2000లోనే 802.3ఏడీ పేరుతో నియమావళి రాసింది. 2008లో దాన్ని 802.1ఏఎక్స్‌గా మార్చినా జనం నోట పాత నంబరే. ఇక ఎవరి పేరు వారిదే. సిస్కోకు ఈథర్‌ఛానెల్ (అదీ 1994లో కొనుక్కున్న కల్పన అనే కంపెనీ సొత్తు), హువావేకు ఈథ్-ట్రంక్, లినక్స్‌కు బాండింగ్. హెచ్‌పీ ప్రోకర్వ్‌లో దీన్నే ఉత్త ట్రంక్ అంటారు. సిస్కోలో ట్రంక్ అంటే వీలాన్లన్నీ మోసే పోర్టు. ఇటు హెచ్‌పీ స్విచ్, అటు సిస్కో స్విచ్ పెట్టి ఇద్దరు ఇంజినీర్లను ఫోన్లో కలపండి. "ట్రంక్ చేశారా?" "చేశామండీ, మీరో?" "మేమూ చేశాం." ఇద్దరిదీ నిజమే. పొత్తు మాత్రం లేదు.

పొత్తు చర్చలకు ఎల్‌ఏసీపీ అనే ప్రోటోకాల్ ఉంది. యాక్టివ్‌లో పెట్టిన పోర్టు తానే కబురు పంపుతుంది. పాసివ్‌లో పెట్టినది పిలిస్తే పలుకుతుంది. మన మర్యాదస్తులు రెండు వైపులా పాసివ్ పెడతారు. "పొత్తుకు మేం వ్యతిరేకం కాదు, ప్రతిపాదన అటునుంచి రావాలి" అని ఇదీ, "మా తలుపులు తెరిచే ఉన్నాయి" అని అదీ. పచ్చలైట్లు మాత్రం దివ్యంగా వెలుగుతుంటాయి. ఇంత ఓపిక లేనివారికి 'ఆన్' మోడ్ ఉంది: మాటామంతీ లేకుండా పొత్తు ప్రకటించుకోవడమే. అవతలివాడికి ఆ సంగతి తెలియకపోతే లూపులు, మాయమయ్యే ప్యాకెట్లు, ఆదివారం డ్యూటీ.

ఎలాగో కుదిరింది. సారు స్వయంగా పెద్ద ఫైలొకటి కాపీ పెట్టి చూశారు. వేగం ఒక గిగాబిట్ దాటలేదు.

"నాలుగన్నారుగా?"

"ఏ తీగ మీద పంపాలో చిరునామాలను బట్టి స్విచ్ లెక్కగడుతుంది సార్. ఒక సంభాషణ మొత్తం ఒకే తీగ మీద పోతుంది. పంచితే ప్యాకెట్ల వరస తప్పుతుంది."

"మరి మిగతా మూడూ?"

"మిగతావాళ్ల పనికి సార్. ఒకటి తెగినా పని ఆగదు."

మిగతావాళ్ల పని అనే మాట సారుకు రుచించలేదు. "ఒక గ్రూపులో ఎన్ని పెట్టొచ్చు?" అన్నారు.

"మన స్విచ్‌లో ఎనిమిది."

ఇంకో నాలుగు తీగలకు ఇండెంట్ వెళ్లింది.