రెండు నక్షత్రాల రూపాయి

మా మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే టంకశాల ఉంది. నా తెలివితక్కువతనానికి పునాది అక్కడే పడింది. నిజాం కాలంలో, 1903లో సైఫాబాద్‌లో టంకశాల కట్టారు. 1997లో చర్లపల్లిలో కొత్తది మొదలైంది. హైదరాబాద్‌లో అచ్చయిన నాణెం మీద సంవత్సరం కింద ఐదు కోణాల చిన్న నక్షత్రం ఉంటుంది. ముంబైది డైమండ్, నోయిడాది చుక్క, కోల్‌కతాకు గుర్తే లేదు. ఇంత తెలిసినవాణ్ని నన్నెవడు మోసం చేస్తాడని ధీమా. నిజమే, ఎవడూ చేయలేదు. నేనే చేసుకున్నాను.

శామీర్‌పేట చెరువు దగ్గర, రాజీవ్ రహదారి పక్కన గుడ్డ పరిచి పాత బిళ్ళలు అమ్ముకునే ఒకతని దగ్గర ఆ రూపాయి కనబడింది. రెండు వైపులా బొరుసే! సింహాలు లేవు. ఇటు తిప్పినా రూపాయి గుర్తు, ఒకటి అంకె, నక్షత్రం. అటు తిప్పినా అవే. ఒక పక్క 2012, ఇంకో పక్క 2014.

"ఇదెట్లొచ్చింది?" అంటే, "ఏమో సార్, పాత బిళ్ళలల్ల వచ్చింది" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. మిగతా కథంతా నేనే అల్లుకున్నాను. పాత అచ్చు తీయడం మరిచిపోయి దాని మీద కొత్తది బిగించి ఉంటారు. మన చర్లపల్లిలో తప్పు జరిగితే ఆ బిళ్ళ శామీర్‌పేటకు రాక ఎక్కడికి పోతుంది? పైగా పరీక్ష కూడా చేశాను. సంచిలోంచి అయస్కాంతం తీసి పెడితే టక్కున అతుక్కుంది. ఆ రకం రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలుది, అతుక్కోక ఏం చేస్తుంది? రెండు రూపాయలను కోసి ఒకటి చేసినా అతుక్కుంటుంది. అది అప్పుడు తట్టలేదు. రెండు వేలు చెప్పినదాన్ని పదిహేను వందలకు బేరమాడి, పాపం అమాయకుణ్ని ముంచేశానే అని కాస్త బాధ కూడా పడ్డాను.

మా బావమరిది మేడ్చల్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. నాణేల సంగతి ఎరగడు. బిళ్ళను తలుపు దగ్గర వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని, అంచు లోపలి వైపు గోటితో గీరాడు.

"బావా, గిది మింటోళ్ళ తప్పు కాదు, మా లేతోళ్ళ పని. ఒక బిళ్ళను గిన్నెలెక్క బోర్ చేసిండు. ఇంకోదాన్ని పల్చగ అరగదీసి దాంట్ల కూసోబెట్టిండు. ఫిట్టింగ్ మాత్రం మస్తు కొట్టిండు."

అప్పుడు కనబడింది, అంచును ఆనుకుని చుట్టూ ఒక సన్నని గీత. ఒక పక్కనే ఉంది, రెండో పక్క లేదు. గచ్చు మీద వేస్తే మామూలు రూపాయి ఖంగుమంది, నాది టప్పుమంది.

వింత నాణెం చేతికొస్తే ఎంత అరుదో కాదు, ఏ పనిలో చెడిందో అడగాలట. టంకశాలలో రేకు నుంచి బిళ్ళ కత్తిరిస్తారు, అంచు లేపుతారు, రెండు అచ్చుల మధ్య ఒక్క దెబ్బతో బొమ్మా బొరుసూ వేస్తారు. అసలు తప్పు ఈ మూడింట్లో ఎక్కడో దొరకాలి. కత్తెర పాత రంధ్రం మీద పడితే బిళ్ళకు వంపుగా కోత పడుతుంది. అలాంటిదానికి అంచు లేపేటప్పుడు ఒత్తిడి అందదు కనుక, కోతకు సరిగ్గా ఎదుటి వైపు అంచు కూడా చప్పబడుతుంది. ఆకురాయితో అరగదీసినదానికి ఎదుటి అంచు నిక్షేపంగా ఉంటుంది. అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం పోయి నాణెం మీద గీత ఉబ్బుతుంది. మనిషి గీసింది లోపలికి దిగుతుంది. రెండు నాణేలను వైస్‌లో బిగించి నొక్కితే తిరగబడిన బొమ్మ పడుతుంది కానీ, దాని కింద అసలు ముద్ర నలిగి ఉంటుంది. ఇక నక్షత్రం చెప్పేది పుట్టిన ఊరే. ఆ తర్వాత ఎవరి లేత్ ఎక్కిందో చెప్పదు.

తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల బేరాలకు కమీషన్లు అడిగేవాళ్ళను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టి "అందరూ జాగ్రత్త" అని రాసింది నేనే.

ఈ రూపాయిని ఎవరికైనా అంటగడదామనే బుద్ధి కూడా పుట్టింది. కానీ ఏమీ తెలియనివాడు దీన్ని కొనడు. కొనాలంటే నక్షత్రం గుర్తుపట్టాలి, సంచిలో అయస్కాంతం ఉండాలి, జిల్లా మీద అభిమానం ఉండాలి. అన్నీ కుదిరినవాడు నాకు ఇంకొకడు దొరకలేదు.