హిమపేటికా పద్యమునకు టీకాతాత్పర్యములు

నూజివీటికి సమీపమున మామిడితోటలో మేము కట్టుకొన్న రెండుగదుల యింటికి కరెంటు తీగ యింకను రాలేదు. పైకప్పుమీద రెండు సోలారు పలకలు, వసారాలో నొక పండ్రెండు వోల్టుల బ్యాటరీ, దాని ప్రక్క నొక యిన్వర్టరు, వంటగదిలో నూరు లీటర్లకు మించని చిన్న ఫ్రిజ్జు, ఇదియే మా సంపద. మొదటి వేసవిలో ప్రతిదినము తెల్లవారుజామున ఇన్వర్టరు కూయుటయు, బ్యాటరీ చేతులెత్తుటయు, పాలు విరుగుటయు చూచి చూచి విసిగిన మా గృహిణి ఒకనాడు ఫ్రిజ్జు తలుపుమీద సుద్దముక్కతో ఈ పద్యమును వ్రాసినది.

ఆ. పగలు మంచు కట్టవలయు సీసాలలో
రాత్రి తలుపు తీయరాదు సుమ్ము
సూర్యు డిచ్చు సొమ్ము సోమరి యిన్వర్ట
రారగించు నిదుర రాక తాను

టీక: పగలు = ఎండ పలకలపై నిటారుగా నిలుచు వేళ, అనగా తొమ్మిది మొదలు నాలుగు గంటల వరకు; సీసాలలో = ప్లాస్టిక్కు సీసాలయందు; మంచు కట్టవలయు = నీటిని గడ్డకట్టింపవలయును; రాత్రి = ప్రొద్దు గ్రుంకిన పిమ్మట; తలుపు = ఫ్రిజ్జు తలుపు (వీధితలుపని కొందరు; అట్లైన నేను లోనికి వచ్చు టెట్లు?); తీయరాదు = తెరువదగదు; సుమ్ము = పాదపూరణ మనరాదు, నావైపు చూచియే వ్రాసినది; సూర్యుడు ఇచ్చు సొమ్ము = పలకలు కూడబెట్టిన విద్యుత్తు; సోమరి యిన్వర్టరు = పని లేక కూర్చున్న యిన్వర్టరు; నిదుర రాక = ఆగిపోక; ఆరగించు = తినివేయును.

తాత్పర్యము: చలువను పగలే సంపాదించి దాచుకొనుము, రాత్రి దానిని వృథా పుచ్చకుము.

విశేషములు: "సోమరి" యనియు "నిదుర రాక" యనియు ఒక్కదానినే చెప్పుట విరోధము గదా యని శంకింపవచ్చును. సోమరికి నిదుర రాకుండు టెక్కడ నున్నది? ఫ్రిజ్జులోని కంప్రెసరు చలువ చాలినప్పుడు తన పని మాని విశ్రమించును గాని, ఇన్వర్టరు మాత్రము ఏ పనియు లేకున్నను మేలుకొని, మా యింటి లెక్కలో గంటకు పదునైదు వాట్-గంటల చొప్పున దినమునకు 360, అనగా మూడవవంతు యూనిటుకు పైగా, ఊరక భుజించుచుండును. కనుక నిది విరోధాభాసము, అలంకారములలో మిక్కిలి ఖర్చైనది.

ఇక "సీసాలలో" నను పదముపై పెద్ద వివాదము గలదు. పట్టణమున బ్యాటరీలమ్ము నొక మిత్రుడు, సీస మనగా లోహమే గదా, బ్యాటరీలోని పలకలు సీసముతో చేసినవే గదా, కావున చలువను సీసమునందే దాచుమని కవయిత్రి హృదయమనియు, ఇంకొక బ్యాటరీ కొనుటయే పద్యార్థ మనియు వాదించెను. ఈ వ్యాఖ్య వ్యాకరణమునకు నిలువదు, మా పర్సుకు అంతకంటె నిలువదు. నూటయేబది ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ కాగితముమీద 1800 వాట్-గంటలది; అయినను సగమునకు మించి పీల్చిన దాని యాయువు తరుగును గనుక చేతికి దక్కునవి 900, దానికి తోడు డిస్టిల్డు వాటరు పోయు సేవ. నీటికో, ఆయువు తరుగుట యన్నది లేదు. ఒక కిలో మంచు కరగునప్పుడు 80 కిలోకాలరీల వేడిని, అనగా సుమారు 93 వాట్-గంటల వేడిని, చుట్టుప్రక్కల నుండి లాగుకొనును. ఫ్రిజ్జులో మంచు కట్టు పైయరనుండి తీసి సాయంకాలమే పాలగిన్నె ప్రక్కకు దింపిన నాలుగు కిలోల మంచు 370 వాట్-గంటల వేడిని మ్రింగి, ప్రొద్దున మరల నీరై నవ్వుచుండును. అయితే సీసాను అంచు వరకు నింపరాదు. నీరు మంచైనపుడు దాదాపు నూటికి తొమ్మిది పాళ్లు పెరుగును. ఈ సంగతి పద్యమున లేదు, మా యింట పగిలిన సీసాలవలన తెలిసినది.

ఇది మా గృహిణి క్రొత్తగా కనుగొన్న విద్య యనుకొనరాదు. కరెంటు లేని చోట్ల టీకామందులను రెండు మొదలు ఎనిమిది డిగ్రీల నడుమ కాపాడు సోలారు శీతకములలో కొన్ని బ్యాటరీ యక్కర లేకయే, పగటి యెండతో మంచు కట్టించుకొని రాత్రి దానితోనే గడపును. ఆ టీక వేరు, ఈ టీక వేరు.

"సొమ్ము" అనుటలోను చమత్కారము గలదు. వేడి ఎక్కువైనకొలది కరెంటు ఎక్కువగునని లోకులు భ్రమపడుదురు గాని, పలక కాగినకొలది దాని దిగుబడి తగ్గును: ఇరువదియైదు డిగ్రీలు దాటిన పిమ్మట డిగ్రీకి నూటికి సుమారు 0.4 పాలు చొప్పున, 65 డిగ్రీలకు కాగిన పలక ఆరవవంతు వరకు పోగొట్టుకొనును. మే నెలలో సూర్యుడు కుడిచేత నిచ్చి యెడమచేత కొంత తీసికొను దాత.

ధ్వని యెక్కడ నున్నదనగా, ఇన్వర్టరు నిదురపోదని చెప్పి ఊరకుండుట వలన దానిని మనమే నిదురపుచ్చవలె నను నర్థము స్ఫురించును. మంచు చాలినంత యున్న రాత్రి ఆరు గంటలకు మీట నొక్కి ఆపి, ప్రొద్దున ఎనిమిదింటికి మరల వేసిన, పదునాలుగు గంటల తిండి, అనగా 210 వాట్-గంటలు, మిగులును. ఈ యర్థమును గ్రహించుటకు నాకు రెండు నెలలు పట్టినది.

పద్యమున నొక లోపము గలదు. శ్రావణమాసమున ముసురు పట్టి మూడు దినములు సూర్యుడు కనబడనప్పుడు ఏమి చేయవలెనో కవయిత్రి చెప్పలేదు. ఆ మూడు దినములును మా పాలు, పెరుగు ఊరిలో కరెంటు గల వియ్యంకులవారింట నుండెను.