కుడి పేజీ ఏమైంది?

ఇప్పుడు మ్యూజియంలో నాగలిని ముట్టుకోవాలంటే చేతులకి గ్లవ్స్ తొడుక్కోవాలట! ఏళ్ల తరబడి బురదలో నాని, ఎండకి ఎండి, రైతు అరచేతిలో నునుపెక్కిన మేడి అది. నా చెయ్యి తగిలితే పాడవుతుందని కొత్తగా చేరిన పిల్ల నాకు చెబుతోంది. "చెమటలో ఉప్పుంటుంది తాతగారూ, ఇనుము తుప్పు పడుతుంది" అంది. కాదనను. కర్రు సంగతి వేరు, మేడి సంగతి వేరు కదమ్మా అన్నాను. నవ్వి ఊరుకుంది.

మా రోజుల్లో ఆ చిన్న మ్యూజియంలో ముందు గదులు జనానికి, వెనక రేకుల షెడ్డు మాకు. అసలు పనంతా షెడ్డులోనే. ఊళ్లో పాత ఇల్లు పడగొడుతూ ఎవరో ఒకరు గుంటకలు, కాడి, మోట బొక్కెన బండికెత్తి తెచ్చి దింపేవారు. ముందు వేపాకు పొగ, తర్వాత కిరోసిన్ గుడ్డ, ఆపైన ఆముదం. తెచ్చినాయన్ని మాత్రం ఊరికే పోనిచ్చేవాళ్లం కాదు. టీ ఇచ్చి కూచోబెట్టి అడిగేవాళ్లం: ఏ చేలో వాడారు, నల్లరేగడా ఎర్రనేలా, చేసిన వడ్రంగి ఏ ఊరివాడు, కర్ర తుమ్మేనా? రిజిస్టర్లో ఎడమ పేజీ కొలతలకి, కుడి పేజీ ఆయన మాటలకి.

ఆ రిజిస్టర్లు ఇప్పుడు అలమర పైకెక్కాయి. అంతా కంప్యూటరే. పొడవు సెంటీమీటర్లలో, బరువు గ్రాముల్లో, నాలుగు వైపులా ఫోటోలు. కుడి పేజీ ఏదమ్మా అంటే, దానికి అందులో గడి లేదట.

గడి లేకపోతే ఏమవుతుందో చెబుతాను. గొర్రు ఒక గదిలో ఉంది. దాని జడ్డిగం వంటింటి సామాను బీరువాలో "చెక్క గిన్నె, అడుగున రంధ్రాలు" అన్న చీటీతో కూచుంది. వెదురు గొట్టాలు ఇంకో అరలో, "ఉపయోగం తెలియదు". ఎద్దులు గొర్రు లాగుతుంటే ఆడమనిషి వెనకే నడుస్తూ, పిడికిట్లోంచి జొన్నలు వేళ్ల సందున జడ్డిగంలోకి జారవిడిచేది. గింజ రంధ్రంలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి సాల్లోకి. పిడికిలి బిగిస్తే సాలు బోసిపోతుంది, వదిలేస్తే గుత్తులుగా మొలుస్తుంది. ఎకరాలకి ఎకరాలు ఆ పిడికిలి మీదే మొలిచాయి. చీటీలో ఆవిడ లేదు సరికదా, మూడు ముక్కలూ ఒకే వస్తువన్న సంగతే లేదు.

కొలపాత్రల అరలో సోల మీద "ఇత్తడి గ్లాసు" అని రాశారు. 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి కాబట్టి బడిపిల్లలకి తెలియకపోవడంలో వింత లేదు. చీటీ రాసేవాళ్లకి తెలియకపోతే ఎలా?

అన్నీ చెడిపోయాయని అనను. అప్పట్లో పుచ్చు పురుగుకి డీడీటీ పొడి చల్లేవాళ్లు, అదే గాలి మేమూ పీల్చాం. ఇప్పుడు చేటల్నీ బుట్టల్నీ ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో వారం పైన ఉంచుతున్నారు. పురుగూ చస్తుంది, గుడ్డూ చస్తుంది, మనిషి దగ్గడు. వెయ్యి రెట్లు మేలు. నాగలి పట్టే ఫ్రీజరే లేదు గానీ!

మీ అటక మీద అలాంటి సామాను ఉండి మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే, ముందు దాన్ని వాడినవాళ్ల దగ్గర కూచోండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, పురికొసతో ఆ వస్తువుకే కట్టి ఇవ్వండి. ఊరి పేరు మాత్రం మర్చిపోకండి.