రెండో నంబరు కుంచెను

నేను రౌండ్ బ్రష్‌ని. నంబరు రెండు. చెక్క పిడి, రేకు తొడుగు, ఆ తొడుగులో బిగించిన మెత్తటి వెంట్రుకలు, ఇదే నా ఒళ్లు. రంగులో ముంచి తీస్తే వెంట్రుకలన్నీ కొసన ఒక్కచోటికి చేరి మొన తేలాలి. మొన ఉన్నంతకాలమే కుంచెకు విలువ. నా మంచీ చెడ్డా అంతా ఆ మొన దగ్గరే మొదలైంది.

నన్ను కొన్నాయన విజయవాడలో బోర్డులు రాసే ఆర్టిస్టు. బట్టల కొట్లు, కిరాణా కొట్లు, డాక్టర్ల నేమ్‌ప్లేట్లు, లారీల వెనక పేర్లు, ఏది రాయమన్నా రాసేవాడు. వేరే షాపు లేదు, ఇంటి వరండాలోనే పని. రేకుకు ప్రైమర్ కొట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, సుద్దదారంతో గీతలు కొట్టి, అప్పుడు ఎనామిల్ డబ్బా మూత తీసేవాడు. పెద్ద అక్షరాల ఒళ్లు నింపడానికి పలకబ్రష్‌లు వేరే ఉండేవి. తలకట్లు, గుడికొసలు, ఒత్తుల మలుపులు నా వంతు. మొన చెదిరిందంటే 'క్ష' ముద్దయిపోయేది.

పోస్టర్ కలర్ పనైతే అక్షరం అక్షరానికీ నన్ను పెదాల మధ్య పెట్టి, వేళ్లతో కాస్త తిప్పుతూ బయటికి లాగేవాడు. మొన వచ్చేసేది. ఎనామిల్ పనైతే సాయంత్రం కిరసనాయిల్లో జాడించి, గుడ్డతో తుడిచి, చివర్లో అదే పెదాలతో మొన తీర్చి డబ్బాలో నిలబెట్టేవాడు. ఎంత తుడిచినా తొడుగు అంచున, వెంట్రుకల మొదట్లో, రంగు కొంచెం మిగులుతుంది. ఆ మిగిలింది నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ రోజుల్లో బోర్డుల పసుపుకు ఆ మెరుపు తెచ్చింది ఎక్కువగా క్రోమ్ ఎల్లో. దాని అసలు పేరు లెడ్ క్రోమేట్. అందులో ఉన్నది సీసం.

ఆయనకు అప్పుడప్పుడు కడుపు మెలిపెట్టేది. బయట తిన్న బజ్జీల మీద నెట్టేసి వాము నమిలేవాడు. రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష ఒకటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం, రక్తం తగ్గడం, ఇవన్నీ సీసం ఒంట్లో పేరుకున్నప్పుడు కనిపించేవే. రంగు పని చేసేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందుగా తమ పనేమిటో చెప్పాలి. చెప్పకపోతే డాక్టరుకు ఆ పరీక్ష రాయాలని తట్టదు.

పెదాలతో మొన తీర్చడం ఆయన ఒక్కడి అలవాటు కాదు. 1917 నుంచి అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో, గడియారాల డయల్స్ మీద చీకట్లో వెలిగే అంకెలు వేయించేవారు. వేసేవాళ్లు చాలామంది వయసులో ఉన్న ఆడపిల్లలు. ఆ రంగులో రేడియం ఉండేది. అంకె సన్నగా రావాలంటే మొన కావాలి, మొన కోసం పెదాలు. అలా చెయ్యమని పని నేర్పినవాళ్లే చెప్పారు, ఏమీ కాదనీ చెప్పారు. ఒంట్లోకి వెళ్లిన రేడియం కాల్షియంలాగే పోయి ఎముకల్లో చేరుతుంది. ఆ పిల్లల దవడలు పుచ్చిపోయాయి, ఎముకలు విరిగాయి, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. వాళ్లలో గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె, ఆమెతోపాటు మరో నలుగురు కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకొచ్చి పరిహారం ఇచ్చింది. వాళ్ల నోళ్లలోకి ఆ రంగును చేరవేసింది నాలాంటి కుంచెలే. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. సీసానిదీ అదే దారి. కాల్షియం పేరు చెప్పుకుని ఎముకలోకి దూరి ఏళ్లకేళ్లు అక్కడే తిష్ట వేస్తుంది.

ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. వరండా ఖాళీ అయింది. ఆయన కూతురు నన్ను హైదరాబాదు తెచ్చుకుంది. కూకట్‌పల్లి వైపు రెండు పడగ్గదుల ఫ్లాటు. భర్త, అత్తగారు, నాలుగేళ్ల పిల్లాడు. ఆమె ఆయిల్స్ వేస్తుంది, ఆర్డరు వస్తే అక్రిలిక్కూ వేస్తుంది. ఓసారి వాళ్ల నాన్న వచ్చినప్పుడు పాత ప్రేమకొద్దీ నన్ను తీసి నోటి దగ్గరికి తీసుకెళ్లాడు.

"నాన్నా, వద్దు. నోట్లో పెట్టకు."

"జీవితమంతా పెట్టానమ్మా. నాకేమైంది?"

ఆమె వాదన పెట్టుకోలేదు. తడి స్పాంజి ముక్క ఒకటి ముందుకు జరిపి, నన్ను దాని మీద పడుకోబెట్టి తిప్పుతూ లాగింది. మొన వచ్చింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూసి, "బానే ఉందే" అన్నాడు. మళ్లీ ఊరుకోలేక, "అయినా మీ ట్యూబుల్లో అన్నీ కెమికల్సు. పాతకాలంలో అన్నీ మట్టి నుంచి, రాళ్ల నుంచి తీసిన రంగులే. వాటితో ఏ గొడవా లేదు" అన్నాడు.

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను, గట్టిగా కాదనాలనీ అనుకున్నాను. ఇంగిలీకం రాయి నుంచే వస్తుంది, అందులో ఉన్నది పాదరసం. హరిదళం భూమిలోనే దొరుకుతుంది, అందులో ఉన్నది ఆర్సెనిక్. టర్పెంటైన్ పైన్ చెట్ల బంక నుంచి తీసిందే, అయినా దాని ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది, ఊపిరికి అడ్డుపడుతుంది. కృత్రిమంగా తయారైన టైటానియం వైట్ ట్యూబులో ఉన్నప్పుడు పాత లెడ్ వైట్ కన్నా వందరెట్లు మేలు. ఎక్కడ పుట్టిందని కాదు, లోపల ఏముందని అడగాలి.

లోపల ఏముందో ట్యూబు మీదే ఉంటుంది. పెద్దక్షరాల అందమైన పేరు కాదు, వెనకవైపు చిన్నక్షరాల్లో పిగ్మెంట్ కోడ్ చూడాలి. పి.డబ్ల్యు.1 అంటే లెడ్ వైట్, పి.డబ్ల్యు.6 అంటే టైటానియం వైట్. పి.వై.34 క్రోమ్ ఎల్లో, పి.ఆర్.106 అసలైన ఇంగిలీకం, పి.ఆర్.108 కాడ్మియం రెడ్. పేరు పక్కన 'హ్యూ' అని ఉంటే ఆ పేరుగల అసలు పిగ్మెంట్ బదులు వేరే రంగుతో అదే ఛాయ తెచ్చారని. 'ఏ.ఎస్.టి.ఎం. డి-4236' అని కనిపిస్తే చాలామంది నిశ్చింతగా కొనేస్తారు. కానీ ఆ గుర్తు ఉందంటే, టాక్సికాలజీ నిపుణులు పరిశీలించి అవసరమైన హెచ్చరిక లేబుల్ మీద వేయించారని మాత్రమే. ప్రమాదం లేదని కాదు. పిల్లలకు కొనేటప్పుడు 'ఏపీ' (అప్రూవ్డ్ ప్రొడక్ట్) ముద్ర వెతకాలి, 'సీఎల్' అనే హెచ్చరిక ముద్ర ఉన్నది పిల్లల చేతికి ఇవ్వకూడదు. మన దేశంలో గోడలకూ అలంకరణకూ వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి. అంతకుముందు రంగులేసిన పాత తలుపులు, పాత కుర్చీలు తెచ్చి పొడిగా రుద్ది కొత్త బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు. ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. దయచేసి ఆ పని ఇంట్లో చేయకండి.

బ్రెజిల్ చిత్రకారుడు కాందిదో పోర్తినారి సంగతి ఆమె చదివి భర్తకు చెప్తుంటే విన్నాను. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి భవనంలో ఉన్న 'యుద్ధం', 'శాంతి' అనే ఆ భారీ చిత్రాలు ఆయనవే. సీసం ఒంట్లో చేరిందని, ఆ రంగులు మానమని డాక్టర్లు చెప్పారు. మానలేకపోయాడు. 1962లో ఆ విషంతోనే పోయాడు. భర్త కాసేపు మాట్లాడలేదు. మర్నాడు పడగ్గదిలో ఉన్న ఈజిల్ బాల్కనీ తలుపు పక్కకు వచ్చింది.

ఆ మార్పు నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. వాళ్ల నాన్నది వరండా, గాలి వచ్చేది పోయేది. ఫ్లాటులో పడగ్గది అంటే ఎండాకాలం ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన గది. ఏసీ గది గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది, సీలింగ్ ఫ్యాను ఆవిరిని కలియబెడుతుంది, రెండూ బయటికి పంపవు. ఆమె కరోనా నాటి ఎన్95 మాస్కు పెట్టుకుని టర్పెంటైన్ వాడేది. ఆ మాస్కు దుమ్మును ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. పేస్టెల్ పొడికి, తంజావూరు బొమ్మల్లో సుద్దపొడి రుద్దేటప్పుడు అది పనికొస్తుంది. వాసన లేని స్పిరిట్ అని అమ్ముతారే, వాసన లేకపోయినా ఆవిరి ఉంటుంది. ఇప్పుడు కిటికీలో బయటికి ఊదే ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురుగా తెరిచిన బాల్కనీ తలుపు. నన్ను కడగడానికి ముందు గుడ్డతో బాగా తుడిచి, మామూలు నూనెలో జాడించి, తర్వాత సబ్బు పెడుతుంది. టర్పెంటైన్ సీసా మూత తీసే రోజులు బాగా తగ్గాయి.

బోర్డులు రాసే షాపుకు రాత్రికి షట్టర్ దించుతారు. మనిషి అక్కణ్ణుంచి బయటపడి వేరే గాలి పీలుస్తాడు, ఒంటికి కాస్త తెరిపి దొరుకుతుంది. ఇంట్లో బొమ్మ వేసేవాళ్లకు ఆ తెరిపి లేదు. వేసిన చోటే తింటారు, పడుకుంటారు, అక్కడే పిల్లాడు నేల మీద ఆడుకుంటాడు. పెద్దవాళ్ల కన్నా పిల్లల ఒళ్లు సీసాన్ని ఎన్నో రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. అందుకే ఇంటి ఆర్టిస్టు షాపు ఆర్టిస్టు కన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలంటాను నేను.

ఓ సాయంత్రం బాల్కనీలోంచి అత్తగారు పిలిచారు. "అమ్మాయ్, ఈ కవరు వేడిగా ఉందేంటి? ఎండ కూడా లేదు కదా!"

చెత్తలో వెయ్యాలని మూల పెట్టిన ప్లాస్టిక్ కవరు అది. అందులో లిన్సీడ్ ఆయిల్, రంగు తుడిచిన పాత నూలుచీర ముక్కలు ఉండలు చుట్టి ఉన్నాయి. ఈ నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే. కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి ఎగిరిపోతుంది. ఉండ చుట్టి ఉంటే లోపలే పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా తగలబడింది ఇలాంటి గుడ్డలతోనే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. కోడలు పరుగున వచ్చి గుడ్డలన్నీ బకెట్ నీళ్లలో ముంచింది. "అత్తయ్యా, మీరు చెయ్యి పెట్టి చూడబట్టి సరిపోయింది" అంది. ఇప్పుడు మూత బిగించే ఇనపడబ్బా ఒకటి, అందులో నీళ్లు. వాడిన గుడ్డలన్నీ అందులోకే.

వంటింటి నుంచి రంగుల బల్లకు వచ్చిన గిన్నె తిరిగి వంటింటికి పోకూడదని అత్తగారే రూలు పెట్టారు. రంగు గిన్నెలన్నిటి అడుగునా ఎర్ర ఎనామిల్‌తో అడ్డగీత గీయించారు, గీసింది నేనే. టర్పెంటైన్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచడం పూర్తిగా ఆగిపోయింది. పిల్లాడు దాన్ని తాగాడే అనుకోండి, కక్కించకూడదు. కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అసలు ప్రాణాపాయం అక్కడ. 108కి ఫోన్ చేసి, సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పోవాలి. ఏం తాగాడో సీసా చూస్తే డాక్టరుకు తెలుస్తుంది. కుంచెలు కడిగిన మురికి సింకులో పొయ్యరు. గాజుసీసాలో రంగు అడుక్కి పేరుకున్నాక పైన తేరినదాన్ని మళ్లీ వాడతారు. అడుగు ముద్దను మామూలు చెత్తలో కలపకుండా వేరుగా ఇస్తారు.

ఇన్ని చేసినా కాడ్మియం రెడ్‌ను మాత్రం ఆమె వదల్లేదు. మందారం వేసేటప్పుడు ఆ ఎరుపు ఇంకే ట్యూబులోనూ దొరకదంటుంది. నేను ఒప్పుకుంటాను, అది మోసిన కుంచెగా చెప్తున్నాను. నూనెలో కలిసి ట్యూబులో ఉన్నంతవరకు దాని ప్రమాదం తక్కువే. పొడి చేసి కలిపినా, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దినా, స్ప్రే చేసినా ఊపిరిలోకి పోతుంది, అప్పుడే అసలు చేటు. కాబట్టి పొడి రూపంలో కొనదు, రుద్దదు, స్ప్రే చేయదు. చేతికి నైట్రైల్ గ్లౌజులు. పిల్లాడు నర్సరీకి వెళ్లాకే ఆ ట్యూబు మూత తీస్తుంది, వాడు వచ్చేలోపు తడిగుడ్డతో బల్ల తుడిచేస్తుంది. ఈ వారం మూడు మందారాల ఆర్డరు ఉంది. పెద్ద రేకలు పలకబ్రష్‌లు చూసుకుంటాయి, కేసరాలు నావి.