అభ్రకం రేణువు ఆత్మకథ

నేను పుట్టింది రాపూరు రాళ్లలో. ఇప్పుడుంటున్నది కృష్ణపట్నం దగ్గర, కండలేరు సముద్రంలో కలిసే మొగ బురదలో. కంటికి ఆనను. ఒకప్పుడు నల్ల అభ్రకాన్ని. గూడూరు, సైదాపురం గనుల్లో మనుషులు తెల్ల అభ్రకం కోసం తవ్వారు, కరెంటు సామాన్లకు అదే పనికొచ్చేది. నన్ను వానకూ ఎండకూ వదిలేశారు.

నా ఒళ్లంతా పొరలే. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పది లక్షల వంతు. ప్రతి పొరకూ రుణావేశం ఉంటుంది. పొరల మధ్య పొటాషియం కూర్చుని వాటిని బిగించి పట్టుకునేది. ఆకులు కుళ్లిన పులుపుతో వాననీరు ఏళ్ల తరబడి ఇంకేసరికి ఆ పొటాషియం మెల్లగా జారిపోయింది. దాని చోట మెగ్నీషియం, నీళ్లు చేరాయి. విచ్చుకుని వెర్మిక్యులైటు అనే ఖనిజాన్నయ్యాను.

ఆ పులుపే చుట్టుపక్కల ఖనిజాల నుంచి అల్యూమినియాన్నీ కరిగించింది. ధనావేశమున్న అల్యూమినియాన్ని నా పొరలు లోపలికి లాక్కున్నాయి. అక్కడ అది తన చుట్టూ ఉన్న నీటి అణువుల నుంచి ప్రోటాన్లను వదిలిస్తూ హైడ్రాక్సైడుగా మారింది. పరమాణువుల మధ్య హైడ్రాక్సిల్ వంతెనలు పడ్డాయి. ఆరేసి పరమాణువులు వలయాలయ్యాయి, వలయాలు కలిసి పెరిగాయి. తడిసి ఆరిన కొద్దీ గట్టిపడి, ఇంటి దూలం కింది స్తంభాల్లా నిలిచాయి. పొరంతా పరుచుకుని ఉంటే నేను క్లోరైటులాంటి ఖనిజాన్నయ్యేదాన్ని. మాలాంటి మట్టి రేణువుల మీద 1968లో సి.ఐ. రిచ్ రాసిన సమీక్షా వ్యాసాన్ని మట్టి శాస్త్రజ్ఞులు నేటికీ ప్రస్తావిస్తారు.

ఒక వరద నన్ను మొగకు చేర్చింది. కిలో సముద్రపు నీటిలో సుమారు 0.4 గ్రాముల పొటాషియం ఉంటుంది. నాతో కొట్టుకొచ్చిన వెర్మిక్యులైటు రేణువుల్లో మధ్య ఖాళీగా ఉన్నవి దాన్ని పట్టుకుని, పొర మందంతో కలిపి 1.4 నానోమీటర్ల ఎడం నుంచి 1.0కు మూసుకుపోయాయి. నన్ను స్తంభాలు మూసుకోనివ్వలేదు. ఎక్స్-కిరణాల పరీక్షలో మమ్మల్ని గుర్తుపట్టేది ఈ తేడాతోనే.

స్తంభాలు నిలబెట్టాయి, కానీ పోషకాలను పట్టి ఉంచే శక్తిని నా నుంచి తీసుకున్నాయి. అల్యూమినియం ఆక్రమించిన చోట కాల్షియం, అమ్మోనియం, పొటాషియం నిలవలేవు. పులుపెక్కిన నేలలో ఎరువు నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం.

రైతన్నలారా, నేల పీహెచ్ 5.5 కంటే దిగితే అల్యూమినియం కరగడం మొదలవుతుంది. ఎరువు బస్తా విప్పేముందు మట్టి పరీక్ష చేయించండి. పులుపు తేలితే, చెప్పిన మోతాదులో సున్నం వేయండి. పొరల మధ్య ఒకసారి గట్టిపడిన హైడ్రాక్సైడును బయటికి పంపడం చాలా కష్టం. రాకుండా చూసుకోవడమే తేలిక.