స్తంభాల్లేని నెల్లూరు

నెల్లూరు సముద్రతీరం పొడుగునా ఒక్క కరెంటు స్తంభం కూడా లేదు. రొయ్యల గుంటలు లేవు, వాటిల్లో తిరిగే ఎయిరేటర్లు లేవు. కృష్ణపట్నం రేవులో క్రేన్లు గానీ, ఆ పక్కన థర్మల్ స్టేషను పొగగొట్టాలు గానీ లేవు. ఉన్నవల్లా తాటిచెట్లు, పూరిగుడిసెలు, ఒడ్డున ఒరిగిన తెప్పలు, నెత్తిన గంపతో ఎప్పుడు చూసినా అటు తిరిగి వెళ్లిపోయే ఒక ఆడమనిషి. నమ్మకం కుదరనివాళ్లు నీటిరంగుల సారు ఇంటికొచ్చి గోడలు చూసుకోవచ్చు. ఆ ఆడమనిషి ఎప్పుడూ ఎందుకు వెళ్లిపోతుందంటే, ముఖాలు గీయడం సారుకు రాదు.

నీటిరంగుల సారంటే ఒక మనిషి కాదు, ఒక జాతి. మాగుంట లేఔట్లో ఉంటారు, దర్గామిట్టలో ఉంటారు, కావలిలోనూ ఉంటారు. బ్యాంకులోనో ఎల్ఐసీలోనో 30 ఏళ్లు చేసి, రిటైరైన వారంలోపే కేమెల్ రంగుల పెట్టె కొనుక్కొస్తారు. చిన్నప్పుడు చందమామ అట్టల మీద వపా బొమ్మలు చూసి కన్న కల అది. మామూలుగా ఈ జాతితో ఇంట్లో ఎవరికీ బాధ లేదు. షుగరు గురించి మాట్లాడ్డం తగ్గిస్తారు, టీవీ రిమోటు వదిలేస్తారు. చిక్కంతా భార్య చేతిలో కెమెరా ఉన్న ఉపజాతితోనే. నేను చెప్పబోయేది వాళ్ల సంగతి. పేర్లెందుకు, సారు, మేడం అంటే సరిపోతుంది.

మేడం బయాలజీ టీచరుగా చేసి రిటైరయ్యారు. 150-600 లెన్సు ఆవిడది. దాని బరువు రెండు కిలోలు. సారు బ్రష్షులన్నీ కట్టగట్టి తూచినా వంద గ్రాములు తూగవు. ఆదివారం చీకటితో బయల్దేరి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయేటప్పుడు స్కూటరు నడిపేది మేడమే. సారు వెనక కూర్చుని లెన్సు సంచీ ఒళ్లో పెట్టుకుంటారు. గొడుగు, మడత స్టూలు, పాత తువ్వాలు, రెండు సీసాల నీళ్లు, బోర్డుకు టేపేసి బిగించిన పేపరు ఇవన్నీ ఆయన వీపున వేలాడుతుంటాయి. పాతిక కిలోమీటర్లూ ఆయన గొణిగేది ఒకటే మాట, "మెల్లగా పో, స్పీడుబ్రేకర్లుండాయి". లెన్సు కోసం అంటున్నారని మేడం అనుకుంటారు. ఆయన బాధ పేపరు మడత పడుతుందని.

ఒడ్డుకు చేరాక అసలు తంటా మొదలు. సూర్యుడు పైకొచ్చేది క్షణాల్లో. మేడం సెకనులో వెయ్యో వంతుకు షట్టరు పెట్టుకుని, ఆ కాసేపట్లో రెండొందల ఫొటోలు కొట్టి "అయిపోయింది, పదండి" అంటారు. అప్పటికి సారు పేపరు తడిపి, ఆ తడి కాస్త ఇంకేదాకా చూస్తూ ఉంటారు. నీటిరంగుల్లో అన్నిటికన్నా పెద్ద పని అదే, చూస్తూ ఉండడం. తడి ఎక్కువుంటే రంగు పాకుతుంది, తక్కువైతే చారలు పడతాయి. తెలుపు వేసే పనే లేదు, పేపరు తెలుపునే వదిలెయ్యాలి. ఎక్కడ వదలాలో ముందే తెలిసుండాలి. ఒకసారి శ్రీహరికోట రాకెట్టును అక్కడికక్కడే వేస్తానని పులికాట్ గట్టున కూర్చున్నారు. పిఎస్ఎల్‌వి 17, 18 నిమిషాల్లో ఉపగ్రహాన్ని కక్ష్యలో దించేస్తుంది. సారు పేపరు ఆరలేదు. ఆకాశం మాత్రం బాగా కుదిరింది. ఆ బొమ్మ పేరు "ప్రయోగం తర్వాత".

వాతావరణమూ సహకరించదు పాపం. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ గాల్లో ఉన్న చెమ్మకు ఉదయం పూసిన నీలం సాయంత్రానికీ ఆరదు. రోహిణీ కార్తెలో కుంచె పైకెత్తేలోపే ఎండిపోతుంది. సారు లెక్క ప్రకారం నెల్లూరు జిల్లా నీటిరంగులకు పనికొచ్చేది జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే. సరిగ్గా ఆ రెండు నెలలూ మేడం ఇంట్లో ఉండరు. నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని లేపుతుంటాయి, అటకానితిప్ప దగ్గర ఫ్లెమింగోలు దిగుంటాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ వైపంతా తిరుపతి జిల్లాకు పోయింది. ఆ సంగతి గూడబాతులకు ఎవరూ చెప్పలేదు, మేడం కూడా ఒప్పుకోలేదు. స్కూటరుతో పాటు ఆవిడ పోతే సారుకు మిగిలేది మేడమీది నుంచి కనిపించే వాటర్ ట్యాంకు. దాన్ని ఆయన గుడిగోపురంగా మార్చి వేస్తారు.

చెమ్మ మీద మాత్రం ఇద్దరిదీ ఒకే పోరాటం. ఆవిడ లెన్సులో ఫంగస్ పడుతుంది, ఆయన పేపరు మీద మచ్చలు పడతాయి. రెండింటికీ మందు చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలే. బంధువుల్లో ఎవరు కొత్త చెప్పులు కొన్నా ఈ ఇంటి నుంచి ఫోను పోతుంది. వచ్చిన పొట్లాలు లెన్సు డబ్బాలోవి రాత్రికి రాత్రి పేపరు బీరువాలోకి, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ లెన్సు డబ్బాలోకి మారుతుంటాయి. ఈ విషయం మీద వాళ్లు మాట్లాడుకోరు. మాట్లాడుకుంటే పెద్దదవుతుంది.

పేపరు బీరువా అన్నాను గదా, అందులో సారు ఆస్తి ఉంది. నూటికి నూరు పాళ్లు పత్తితో చేసిన 300 జీఎస్ఎం పేపరు, ఫ్రాన్సుది. అబ్బాయి పంపించాడు. ఇంతవరకు దాని మీద ఒక్క చుక్క పడలేదు. చెయ్యి తిరిగాక వాడదామని ఆయన, తిరగక ఏం చేస్తుందిలెమ్మని ఆవిడ. ఈలోపు సాధనంతా పెళ్లిపత్రికల వెనకవైపునే. ఒకరోజు మేడం బీరువా తెరిచి, "వెంకటగిరి చీరా పత్తే, ఈ పేపరూ పత్తే. చీర నేను కట్టుకుంటా ఉండా. మీరిదెప్పుడు తీస్తారు?" అన్నారు. సారు ఆ కట్టను చీరల అడుగుకు జరిపి తలుపు మూశారు.

నీళ్ల సీసా ఇంట్లో మరిచిపోయి మైపాడు పోయిన రోజూ ఒకటుంది. సముద్రం ఎదురుగానే ఉంది గదా అని ఎవరో సలహా ఇచ్చారు. ఉప్పునీళ్లతో వేస్తే ఆ బొమ్మ జన్మలో ఆరదని సారుకు తెలుసు. రాతి ఉప్పు తడి రంగు మీద చల్లితే చుక్కలు చుక్కలుగా విచ్చుకుంటుందనీ తెలుసు, ఆ ముచ్చట అల్లూరు ఉప్పుతో తీర్చుకున్నారు కూడా. కాబట్టి సముద్రం వద్దని, ఎర్ర బొండాం ఒకటి కొట్టించి దాంతో కానిచ్చారు. రంగులు మెరిసిపోయాయి. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టిన మూడో రోజు నుంచి చీమలు. గోడమీద బారులు తీరి వచ్చి సరిగ్గా సూర్యుడి దగ్గర ఆగేవి. నా ఎరికలో మనిషి పిలవకుండా సారు బొమ్మ చూడ్డానికి వచ్చినవాళ్లు అవే.

వాళ్ల అసలు తగువు నిజం మీద. మేడం ఫొటోలో ఉన్నదంతా ఉంటుంది. సారు బొమ్మలో ఉండాల్సింది మాత్రమే ఉంటుంది.

"ఆడ స్తంభముండాలే, ఏందండీ?"

"కంపోజిషన్‌కు అడ్డమొచ్చింది."

"ట్రాన్స్‌ఫార్మరు?"

"అదీ అంతే."

"మరి ఆ గుడిసె? ఆడ ఉండేది డాబా ఇల్లు గదా."

"డాబాకు మూడ్ ఉండదు."

ఇలాంటప్పుడు సారు పెద్దవాళ్లను తెచ్చుకుంటారు. దామెర్ల రామారావు అంటారు. ఆయన 1925లో పోయేనాటికి 28 ఏళ్లు నిండలేదనీ, అప్పటికే ఆంధ్రచిత్రకళకు దారి వేశాడనీ కళ్లలో నీళ్లు తెచ్చుకుంటారు. "మీకు 63" అని మేడం గుర్తుచేస్తారు. సారు ఇంగ్లండుకు పోతారు. టర్నరు తుఫానెలా ఉంటుందో చూడ్డానికి తనను ఓడ స్తంభానికి కట్టించుకున్నాడట తెలుసా అంటారు. "మీరు కట్టుకుందామన్నా నెల్లూరులో స్తంభాలేవీ, అన్నీ తీసేసినారుగా" అంటారు మేడం. అప్పుడిక ఆఖరి అస్త్రం తీస్తారు సారు. పూర్వం ప్రతి స్టూడియోలో ఫొటో వెనక తెర ఉండేది, అందులో తోట, మెట్లు, స్తంభాల వరండా ఉండేవి. ఆ తెర రాసిందెవరు, మావాళ్లు కాదా? ఫొటోకు రంగులద్దిందెవరు? మావాళ్లు లేనిదే మీవాళ్లకు గడిచిందా? ఈ వాదంలో పస ఉందని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇప్పుడు నది వెనక్కి పారుతోంది. తెర ఎవరిదో చూద్దాం.

సారు తన ప్రతి బొమ్మా "అక్కడికక్కడే" వేసిందంటారు. హాల్లో తూర్పు గోడకు మేడం తీసిన గూడబాతు ఫొటో ఉంది, రెక్కలు విప్పి కొమ్మ మీద వాలబోతూ. పడమటి గోడకు సారు వేసిన గూడబాతు ఉంది, అదే కొమ్మ మీద అదే రెక్కలతో వాలబోతూ. "నాకూ అట్లాగే కనపడింది" అంటారాయన. సరే, ఆ పక్షికి అలవాటనుకుందాం. కానీ 600 లెన్సుతో తీస్తే వెనక ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుతురు గుండ్రటి బిళ్లలుగా కరిగిపోతుంది. మనిషి కంటికి అలా కనపడదు. సారు బొమ్మ వెనకాల ఆ బిళ్లలు లెక్క తప్పకుండా ఉన్నాయి. మేడం చూశారు. ఏమీ అనలేదు. లాప్‌టాప్ పాస్‌వర్డ్ కూడా మార్చలేదు. ఆ ఇంట్లో ప్రేమ అంటే నాకు తెలిసినంతవరకు అదే.

జనం తీర్పు వేరేగా ఉంటుంది. కుటుంబం వాట్సాప్ గ్రూపులో మేడం ఫ్లెమింగోల ఫొటో పెడితే "బొమ్మ బ్రహ్మాండంగా గీసినావు వదినా" అని వస్తుంది. సారు నీటిరంగు పెడితే "ఫొటో షేకయినట్టుండాది బావా" అని వస్తుంది. ఇక నిఖార్సయిన విమర్శకులు ఒడ్డునే ఉన్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ ఒడ్డెక్కిస్తారు. కదలని బోటు, సారుకు పండగ. ఎండకు చెవులు మాడుతున్నా గొడుగు కింద కూర్చుని వేస్తారు. వెనక నిలబడి చూసేవాడు ఆ బోటు ఓనరే.

"బొమ్మ బాగుండాది సార్. ఇంజనేది? అప్పుచేసి పెట్టినా గదా."

"ఇంజను అందం రాదబ్బాయా."

"నంబరన్నా రాయండి సార్. నంబరు లేకపోతే కోస్టుగార్డోళ్లు పట్టుకుంటారు."

ఇన్నేళ్లలో సారు బొమ్మ ఒక్కటీ అమ్ముడుపోలేదు. గృహప్రవేశాలకు పంచారు. మా ఇంట్లో రెండున్నాయి. సారు వస్తున్నారంటే హాల్లోకి తెస్తాం. అలాంటిది మొన్న ఒక రొయ్యల రైతు తనంతట తాను వచ్చాడు. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి తీరం తీరంతా గుంటలైనప్పుడు నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనిషి. కొత్తిల్లు కట్టాడు. హాల్లో పెద్ద బొమ్మ కావాలన్నాడు. తాటిచెట్లా, తెప్పలా అని సారు ఉత్సాహంగా అడిగారు.

"నా గుంట సార్. ఎయిరేటర్లు తిరగతా ఉండాలి, నురగ కనపడాలి. పన్నెండుండాయి, ఒకటి తగ్గినా మా నాయన ఒప్పుకోడు. జనరేటరు షెడ్డు ఎడం పక్క."

రాత్రంతా సారుకు నిద్ర లేదు. ఇన్నేళ్లూ చూడకుండా తప్పించుకున్న వస్తువది. చక్రానికి రెక్కలెన్నో, అది దేని మీద తేలుతుందో ఆయనకు తెలీదు. తెల్లవారి కాఫీ గ్లాసు స్వయంగా తెచ్చి మేడం పక్కన పెట్టారు. మేడం అడగకుండానే లాప్‌టాప్ తెరిచారు. అందులో ఒక ఫోల్డరుంది. స్తంభాలు, క్రేన్లు, ఎయిరేటర్లు, ఇంజన్లు, సెల్ టవర్లు, ఊళ్లవారీగా, తేదీలవారీగా సర్దున్నాయి. ఫోల్డరు పేరు "మా ఆయన తీసేసినవి".

ఫ్రెంచి పేపరు ఆ గుంట కోసమే బయటికొచ్చింది. బొమ్మ బాగా వచ్చింది కూడా, నేను చూశాను. నురగ దగ్గర పేపరు తెలుపు వదిలిన తీరు చూస్తే ఈయనేనా వేసింది అనిపించింది. రైతు వేలు పెట్టి పన్నెండూ లెక్కపెట్టుకుని, ధర చెప్పమన్నాడు. ధర చెప్పే అలవాటు లేక సారు నీళ్లు నమిలారు. రైతు ఆ మొహమాటాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుని, సాయంత్రం ఐసు పెట్టెలో 30 కౌంటు రొయ్యలు మూడు కిలోలు పంపించాడు. కిలోకు ముప్పయ్యే తూగేవి, మామూలుగా ఆ సైజు ఓడెక్కిపోతుంది.

మేడం వాటిని పళ్లెంలో పోసి, కిటికీ దగ్గర పెట్టి, ముందు నాలుగు ఫొటోలు తీసుకున్నారు. బాణలి పొయ్యి మీద పెట్టారు. సారు వచ్చి పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టారు. పచ్చి రొయ్యలో ఆ బూడిద నీలం, ఆ పారదర్శకత మళ్లీ దొరకదనీ, వేడి తగిలితే నారింజ రంగుకు తిరిగిపోతుందనీ, బొమ్మల మీద మొదటి సంపాదన గనక ఒక్క బొమ్మ వేసుకోనిమ్మనీ బతిమాలారు.

"పది నిమిషాలు" అన్నారు మేడం, ఉల్లిపాయలు తరుగుతూ.

సారు పేపరు తడపడం మొదలుపెట్టారు.